సూత్రం ఎవరి చేతిలో ఉంది?

2010 మే 26, బుధవారం. లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి ఇంకా వారం కాలేదు. శ్రీకాళహస్తి జనం ఆకాశం వంక చూడటం మానేసి రాజగోపురం వంక చూస్తున్నారు. ఏళ్ల తరబడి ఉన్న పగుళ్లు ఉన్నట్టుండి వెడల్పయ్యాయి. చుట్టుపక్కల వాళ్లను ఖాళీ చేయించారు. ఆ దారిన పోకుండా జనాన్ని ఆపారు. దూరంగా నిలబడ్డవాళ్లు మాత్రం ఇళ్లకు పోలేదు. మంచంలో ఉన్న ఇంటిపెద్దను విడిచి పోలేనట్టు అక్కడక్కడే తిరుగుతున్నారు.

రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో గోపురం కూలింది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు నూరుకాళ్ల మంటపంతో పాటు కట్టించిన ఏడంతస్తుల గోపురం అది. 494 ఏళ్లు నిలబడింది. పడిపోవడం క్షణాల్లో అయిపోయింది. లేచిన దుమ్ములో వీధి దీపాలు కూడా కనబడలేదు.

అక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో, తిరుచానూరులో మా ఇంట్లో, ఆ రాత్రి టీవీ ముందు మా అమ్మ అన్నం తింటోంది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“పెండ్లయినాక మీ నాయన నన్ను మొదట తీసకపోయింది ఆడికే గదరా” అంది. మళ్లీ ముద్ద ఎత్తలేదు.

నేను అప్పటికి తిరుపతిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ పాఠాలు చెబుతున్నాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి కాళహస్తి వెళ్లాను. రాయి, ఇటుక, సున్నం కలిసిపోయిన గుట్ట. దాని ముందు ఒక ముసలాయన చెప్పులు విప్పి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. శవం ముందు నిలబడ్డట్టే ఉంది. ఎందుకు కూలిందో తేల్చడానికి కమిటీలు వస్తాయి, నిపుణులు వస్తారు. ఆ పని వాళ్లది. తిరుగు బస్సులో నా తలలో ఇంకో ప్రశ్న తిరిగింది. ఇక్కడ మళ్లీ గోపురం కట్టాలి. కట్టేవాళ్లు మొదటి రోజు ఏం చేయాలి? నా క్లాసులో కూర్చున్న పిల్లలకు ఆ సంగతి నేను ఎప్పుడైనా చెప్పానా?

చెప్పలేదు. దూలం మందం లెక్కకట్టడం చెప్పాను. పునాది వెడల్పు లెక్కకట్టడం చెప్పాను. ఎస్టిమేట్ వేయడం, సిమెంటు బస్తాలు లెక్కపెట్టడం చెప్పాను. లెక్క మొదలయ్యే ముందు ఎవరిని ఏం అడగాలి, ఎవరు ఏ తేదీలోగా తేల్చి చెప్పాలి, చెప్పింది మారితే ఆ మార్పు ఎవరెవరికి చేరాలి అన్నది సిలబస్‌లో లేదు. నా పాఠంలోనూ లేదు.

కాలేజీ తెరిచాక మొదటి వారంలోనే ఫైనలియర్ క్లాసులో అడిగాను. “శ్రీకాళహస్తిలో ఆ ఖాళీ స్థలం మీ చేతికిచ్చి కొత్త గోపురం కట్టమన్నారు. మొదటి రోజు ఏం చేస్తారు?”

“ప్లాన్ గీస్తాం సార్” అన్నాడు పీలేరు అబ్బాయి.

“సాయిల్ టెస్టుకు పంపిస్తాం.”

“టెండర్ పిలుస్తాం సార్” అని వెనక బెంచీ నుంచి ఇంకొకడు.

పుత్తూరు నుంచి రోజూ రైల్లో వచ్చే ఒక అమ్మాయి చివర్లో లేచింది. “ఎవర్నెవర్ని అడగాల్నో ముందు తెలుసుకోవాల గదా సార్” అంది.

ఆ ఒక్క మాట దగ్గర మా క్లాసు ఆరు వారాలు ఆగింది. సిలబస్ వెనకబడింది. హెచ్‌ఓడీ రెండుసార్లు పిలిచి అడిగారు. ఆ ఆరు వారాల సంగతే నేనిక్కడ రాస్తున్నాను.

పాత క్యాలెండర్లు తెచ్చి, వెనక తెల్లకాగితం పైకి వచ్చేట్టు గోడకు అంటించాం. మూడు గళ్లు గీశాం. ప్రశ్న ఏమిటి, జవాబు చెప్పవలసింది ఎవరు, ఎప్పటిలోగా. పిల్లలు గ్రూపులుగా చీలి కాళహస్తికి పోయి వచ్చారు. ఒకరు అర్చకులతో మాట్లాడారు, ఒకరు అంగళ్ల వాళ్లతో, ఒకరు మునిసిపాలిటీ డ్రైనేజీ పనివాళ్లతో. మొదటి రోజు గోడమీద పదకొండు ప్రశ్నలున్నాయి. రెండో వారానికి గోడ నిండింది.

పాత చోటనే కట్టాలా, కొంచెం జరపాలా? జరపకూడదంటే ఆ మాట ఏ ఆగమం చెబుతోంది, దాన్ని లిఖితంగా ఇచ్చేది ఎవరు? ఉత్సవమూర్తి వాహనం మీద గొడుగుతో సహా ద్వారం కిందినుంచి పోవాలంటే ద్వారం ఎత్తు ఎంత ఉండాలి? వాహనం మోసేవాళ్లు భుజాల మీద ఎత్తుకున్నప్పుడు కొలవాలా, దించినప్పుడా? (ఈ ప్రశ్న చంద్రగిరి పిల్లవాడిది. వాళ్ల నాన్న ఊళ్లో వాహనం మోస్తాడు. పుస్తకం చదివినవాడికి తట్టే ప్రశ్న కాదు.) వాననీళ్లు ఎటు పోతాయి? నది ఇంత దగ్గర ఉండగా కింద మట్టి ఎంత లోతు వరకు నమ్మదగింది? పని జరిగే ఏళ్లలో స్వామివారి ఊరేగింపు ఏ దారిన వెళుతుంది?

రాయి ఏ క్వారీ నుంచి వస్తుంది అన్న ప్రశ్న ఉంది. ఎంత బరువు అన్నదీ ఉంది. ఆ రాయి ఆ వీధి మలుపు ఎట్లా తిరుగుతుంది, పైకి ఎట్లా లేస్తుంది అన్న ప్రశ్న ఎవరూ రాయలేదు. ఆ రోజు వాళ్లకు హుస్సేన్‌సాగర్ బుద్ధుడి కథ చెప్పాను.

ఎస్.ఎం.గణపతి స్థపతి చేతిమీదుగా రాయగిరి దగ్గర ఒకే రాతిలో రూపుదిద్దుకున్న 58 అడుగుల విగ్రహం అది. చెక్కడంలో వంక పెట్టలేం. రోడ్డు మీద హైదరాబాదు దాకా క్షేమంగా వచ్చింది. నీళ్లమీద మిగిలిన ఆ కాస్త దూరం దగ్గర, 1990 మార్చి 10న, బార్జి మీది నుంచి విగ్రహం సాగరంలోకి జారిపోయింది. పనిలో ఉన్న మనుషులు ప్రాణాలు కోల్పోయారు. రెండున్నరేళ్లకు పైగా బుద్ధుడు నీళ్ల అడుగునే ఉన్నాడు. 1992 డిసెంబరు 1న గాని పీఠం ఎక్కలేదు. చెప్పడం అయ్యాక క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. పీలేరు అబ్బాయి లేచి వెళ్లి గోడమీద రాశాడు: ‘తరలింపు, ఎత్తడం: ఎవరు?’

రెండో గడిలో పేరు పడలేదు. ఒక్క ఆ ప్రశ్నకే కాదు. గోడంతా చూస్తే చాలా ప్రశ్నల పక్కన ఆ గడి ఖాళీగానే ఉంది. అర్చకులకు తెలిసింది ఇంజినీరుకు తెలియదు, ఇంజినీరు మార్చింది శిల్పికి చేరదు, శిల్పి అడిగింది ఆఫీసు దాకా రాదు. అందరూ పనిమంతులే. వాళ్ల మధ్య సమాచారం మోసే మనిషే లేడు.

దీనికి జవాబు నా పుస్తకాల్లో వెతికాను. బ్రిటన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రిటిష్ ఆర్కిటెక్ట్స్ 1963లోనే కట్టడం పనిని దశలుగా విడదీసి పట్టిక వేసింది. దాని ఇప్పటి రూపంలో సున్నా నుంచి ఏడు వరకు ఎనిమిది దశలు. కట్టడం మొదలయ్యేది అయిదో నంబరు దశలో. అంటే మొదటి ఇటుక పెట్టేలోపే అయిదు దశలు అయిపోవాలి. ఆ పట్టిక అప్పటి రూపం పిల్లలకు నచ్చింది, నోట్సులో రాసుకున్నారు. పరీక్షకు రాసుకున్నట్టే రాసుకున్నారు. వాళ్ల మనసుకు పట్టిన పాఠం మాత్రం ఇంకో చోటు నుంచి వచ్చింది.

తిరుపతిలో టీటీడీ నడిపే శిల్ప కళాశాల ఉంది. శ్రీ వేంకటేశ్వర సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థ అది, 1960లో మొదలైంది. పదో తరగతి చదివిన పిల్లలు అక్కడ ఆలయ నిర్మాణం, రాతి శిల్పం, సుధ శిల్పం, లోహం, కొయ్య, వర్ణచిత్రం, కలంకారి నేర్చుకుంటారు. ఆ కాలేజీ ముందునుంచి బస్సుల్లో వేలసార్లు పోయివుంటాం. కాంక్రీటు చదువుకునే మావాళ్లలో ఒక్కరు కూడా లోపలికి వెళ్లలేదు. నాకు తెలిసిన ఒక పెద్ద శిల్పిని బతిమాలి మా క్లాసుకు తీసుకొచ్చాను. డెబ్భై దాటిన మనిషి. చంకకు గుడ్డసంచి. అందులో నూలుతాడు ఉండ, ఒక డబ్బాలో ఎర్రమన్ను.

“గుడి కట్టేదానికి నలుగురు కావాల” అని మొదలుపెట్టాడు. “స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి. మయమతంలో ఉండాది, మానసారంలో ఉండాది. స్థపతి అంటే అందురికీ తెలుసు. తక్షకుడు చెక్కుతాడు. వర్ధకి చెక్కినవాటిని చేరుస్తాడు. మరి సూత్రగ్రాహి ఏం చేస్తాడు, చెప్పండి నాయనా?”

ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను.

ఆయన తాడును తడి ఎర్రమన్నులో ముంచాడు. పుత్తూరు అమ్మాయిని ఒక కొస, చంద్రగిరి అబ్బాయిని ఇంకో కొస పట్టుకోమన్నాడు. నేలమీద బిగువుగా పరిచి, మధ్యలో రెండు వేళ్లతో ఎత్తి వదిలాడు. టప్పుమని నేలమీద తిన్నని గీత పడింది. గీత అంచుకు స్కేలు పెట్టి చూశాం. వెంట్రుకవాసి తేడా లేదు.

“ఇప్పుడు నువ్వు అరంగుళం జరుగు” అని చంద్రగిరి అబ్బాయి చెవిలో మెల్లగా అన్నాడు. ఆ కొసన ఉన్న అమ్మాయికి వినబడలేదు. మళ్లీ తాడు కొట్టాడు. రెండో గీత మొదటిదాని మీది నుంచి వంకరగా పోయింది.

“చెక్కేటోడు ఈ గీత పట్టుకోని చెక్కుతాడు. రాయి పోతుంది. తప్పు ఎవురిది?”

“జరిగినోడిది” అన్నాడొకడు.

“జరగొచ్చు నాయనా. జరగాల్సి వస్తాది. రాయిలో పగులుంటే జరగాల. జరిగినట్టు ఆ కొసనున్న బిడ్డికి చెప్పినారా? అదీ సూత్రగ్రాహి పని. ఆయప్ప స్థపతి కొడుకో, శిష్యుడో అయ్యుంటాడు. స్థపతి మనసులో ఉండేది ఆయప్పకి తెలియాల, తక్షకుడి ఉలికి ఏమి కావాల్నో అదీ తెలియాల. గుడి లేచేదాకా తాడు ఆయప్ప చేతిలోనే.”

ఆయన వెళ్లాక గోడ దగ్గరికి పోయి, మూడు గళ్ల పక్కన నాలుగో గడి గీశాను. మార్పు ఎవరెవరికి చేరింది, సంతకం. ఆ గడికి పిల్లలే పేరు పెట్టారు. ‘తాడు.’ మా డిపార్ట్‌మెంటులో ఇప్పటికీ ఆ మాట వాడతారు. ప్రాజెక్టు రివ్యూలో మాస్టరు “తాడు ఎవరి దగ్గరుంది?” అంటే డిజైన్ మార్పులు ఎవరు రాసి పెడుతున్నారని అర్థం.

భూపరీక్ష గురించి కూడా ఆ పెద్దాయనే చెప్పాడు. హస్తం లోతు, హస్తం వెడల్పు గుంత తీయాలి. తీసిన మట్టితోనే మళ్లీ పూడ్చాలి. మట్టి మిగిలితే ఉత్తమం, సరిపోతే మధ్యమం, చాలకపోతే ఆ నేల వద్దు. మావాళ్లలో ఇద్దరు నవ్వారు. మూఢనమ్మకమేమో అనుకున్నారు. సరే, చేసి చూద్దామన్నాను.

ఒక ఆదివారం పొద్దున ముప్ఫైమందిమి తిరుచానూరులో మా ఇంటి దగ్గర కలుసుకున్నాం. అమ్మ అందరికీ ఉప్మా పెట్టింది. పద్మ సరోవరం పక్కనుంచి నడిచి స్వర్ణముఖి వైపు పోయాం. ఇదే నది కిందికి పోయి కాళహస్తి గుడిని ఒరుసుకుంటూ వెళుతుంది. ఏట్లో నీళ్లు లేవు. ఇసుక తవ్విన గుంతలు, ముళ్లచెట్లు. గట్టు వెంబడి మాత్రం కొత్త ఇళ్లు వరసగా లేస్తున్నాయి.

రెండు గుంతలు తీశాం. ఒకటి ఊరివైపు మిట్టమీద. గునపం వేస్తే చేతులు అదిరిన నేల. పూడ్చితే రెండు గంపల మట్టి మిగిలిపోయింది. రెండోది ఏటి గట్టున. పార వేస్తే సులువుగా దిగింది. తీసిన మట్టంతా వేసి, కాళ్లతో తొక్కినా, గుంత నాలుగు వేళ్లు వెలితిగా ఉండిపోయింది.

నవ్విన ఇద్దరిలో ఒకడే కారణం చెప్పాడు. గట్టినేలలో మట్టి రేణువులు ఒకదానికొకటి బిగిసివుంటాయి, తవ్వితే వదులై ఎక్కువ చోటు పడతాయి, అందుకే మిగులుతుంది. వదులు నేలలో ముందే సందులుంటాయి, తొక్కితే అణుగుతాయి, అందుకే చాలదు. మేం ల్యాబులో సాపేక్ష సాంద్రత అని చదివేది ఇదే. బోరువేసి, సుత్తిదెబ్బలు లెక్కపెట్టి తేల్చేదానికి హస్తం గుంత సాటిరాదు. లోతున ఏముందో అది చెప్పదు. అయినా గడ్డపార తప్ప ఇంకేం లేని మనిషి, ఇల్లు మొదలుపెట్టక ముందే, అరపూటలో నేలను అడగగలిగిన ప్రశ్న అది. కట్టుబడిలో ఇంత చవకైన ప్రశ్న నాకు ఇంకొకటి తెలియదు.

గట్టుమీద చింతచెట్టు నీడన కూర్చున్నప్పుడు పుత్తూరు అమ్మాయి అడిగింది. “మీకెప్పుడైనా తప్పు జరిగిందా సార్?”

ఇరవయ్యేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఆ రోజు చెప్పాను.

పాఠాలు చెప్పే ఉద్యోగం రాకముందు నేను ఒక కాంట్రాక్టు ఆఫీసులో సైటు ఇంజినీరుగా చేశాను. ఒక కల్యాణ మంటపం పని. మొదటి అంతస్తు దూలాలకు కమ్మీ కట్టేశారు. మర్నాడు కాంక్రీటు. సాయంత్రం మేస్త్రీ వచ్చి అడిగాడు. “సార్, పైన బాత్రూము పైపు యాడ పోవాల? ఈ దూలంలోనించి పోయేట్టుంటే ఇప్పుడే ఒక గొట్టం ముక్క పెట్టి వదిలేస్తా.” ప్లంబింగ్ డ్రాయింగ్ నా దగ్గర లేదు. “రేపు కనుక్కుంటా” అన్నాను. రేపు పొద్దున మిక్సర్ వచ్చింది, కూలీలు వచ్చారు, ఓనరు కొబ్బరికాయతో వచ్చాడు. నేను కనుక్కోలేదు. కాంక్రీటు పడిపోయింది.

మూడు నెలల తర్వాత ప్లంబరు వచ్చాడు. అతని కాగితంలో పైపు సరిగ్గా ఆ దూలంలోనించే పోతోంది. నేను ఇంకో సైటులో ఉన్నాను. అతను సుత్తి, శానం పెట్టి దూలాన్ని స్తంభం మొదట్లోనే పొడిచాడు. అడ్డమొచ్చిన రింగులు కోసేశాడు. కొన్నాళ్లకు దూలం ఏటవాలుగా పగిలింది. హాలు మూశారు. కింద ఆనింపులు పెట్టి, దూలం చుట్టూ కొత్త కమ్మీ, కొత్త కాంక్రీటు వేసేదాకా మళ్లీ తెరవలేదు.

ఆ హాల్లో మొదటి పెళ్లి బుక్ చేసుకున్న పెద్దమనిషి శుభలేఖ పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. మంటపం పేరు అచ్చు వేయించాడు, ఊళ్లన్నీ పంచేశాడు. ఎవరినీ తిట్టలేదు. “ఇప్పుడు నేనేం జేసేది, చెప్పండయ్యా” అని మాత్రం అన్నాడు. వాళ్ల అమ్మాయి పెళ్లి వీధిలో షామియానా కింద, వానలో జరిగింది. ఆఫీసు కాగితాల్లో తప్పు మేస్త్రీ మీద రాశారు. అతనికి రావలసిన డబ్బు కోసేశారు. ప్రశ్న అడిగింది అతనొక్కడే. జవాబు చెప్పాల్సినవాణ్ని నేను. ఆ కాగితం మీద నేనూ సంతకం పెట్టాను.

పిల్లలు ఏం మాట్లాడలేదు. కొంతసేపటికి పీలేరు అబ్బాయి, “ఆ మేస్త్రీ ఇప్పుడు యాడుండాడు సార్?” అన్నాడు. నాకు తెలియదు. వెతికాను, దొరకలేదు.

తిరుగుదారిలో అమ్మవారి గుడి ముందు ఆగాం. గోడమీద జవాబు లేకుండా మిగిలిన ఒక ప్రశ్న ఉంది. కట్టే కాలంలో పూజ ఎట్లా, ఊరేగింపు ఎట్లా? దానికి జవాబు తిరుచానూరు చరిత్రలోనే ఉంది. 9వ శతాబ్దం, పల్లవుల కాలం నాటి శాసనాల్లో ఈ ఊళ్లో ‘తిరువిళంకోయిల్’ అనే గుడి ప్రస్తావన ఉంది. ఇళంకోయిల్ అంటే పసిగుడి, మన మాటలో బాలాలయం. కొండమీది స్వామికి ప్రతిగా ఇక్కడ పూజలు జరిగేవని చరిత్రకారులు చెబుతారు. పెద్ద గుడిలో పని చేయాలంటే ముందు చిన్న గుడి కట్టి, దేవుడి శక్తిని అందులోకి తెచ్చి, పూజ ఆగకుండా చూసి, ఆ తర్వాతే ఉలి పట్టాలన్నది ఆగమం పద్ధతి. 2018 ఆగస్టులో తిరుమలలో మహాసంప్రోక్షణం జరిగినప్పుడు కూడా ఈ పద్ధతే పాటించారు.

దీన్ని భక్తితో చూసేవాళ్లు భక్తితో చూస్తారు. నేను మాస్టరుగా కూడా చూస్తాను. పని జరుగుతున్నన్నాళ్లు మనుషుల బతుకు, కొలుపు, రాకపోకలు ఎక్కడికి పోతాయో తేల్చకుండా పలుగు వేయవద్దని వెయ్యేళ్ల కిందటే నియమం పెట్టుకున్న ఊరు మాది. ఇవాళ ఫ్లైవోవరు కడుతూ వీధిలో అంగళ్లవాళ్లను ఏళ్ల తరబడి దుమ్ములో వదిలేసే డిజైన్లు చూస్తే నాకు కోపం వస్తుంది.

శ్రీకాళహస్తిలో కొత్త రాజగోపురం లేచింది. 144 అడుగులు. 2017 ఫిబ్రవరిలో కుంభాభిషేకం జరిగింది. దాని డిజైన్‌లో మాకు ఏ పాత్రా లేదు. మా గోడమీది ప్రశ్నలు పాఠం కోసం వేసుకున్నవి. అయినా ఆ రోజుల్లో చంద్రగిరి అబ్బాయి పనిగట్టుకుని పోయి, ద్వారం కింద నిలబడి నాకు ఫోన్ చేశాడు. “వాహనం భుజాల మీదనే పోతాది సార్, గొడుగు దించబన్లేదు” అన్నాడు. అమ్మ అప్పటికి లేదు.

2021 నవంబరులో ఇంకో ఫోన్ వచ్చింది. పీలేరు అబ్బాయిది.

“సార్, టీవీ పెట్టండి.”

ఎడతెగని వానలు. మేం గుంతలు తీసిన రోజు చుక్క నీరు లేని స్వర్ణముఖి, గట్లు తెగ్గోసుకుంటూ పోతోంది. తిరుచానూరు దగ్గర ఏటి ఒడ్డున కట్టిన ఇల్లు కిందినుంచి మట్టి జారిపోయి, నిలబడ్డది నిలబడ్డట్టే ఒరిగి నీళ్లలోకి కూలింది. గోడలకు వేసిన రంగు ఇంకా కొత్తగానే ఉంది. ఆ దృశ్యం రాష్ట్రమంతా చూసింది. మా రెండో గుంత తీసిన చోటు అక్కడికి ఎంతో దూరం కాదు.

“మట్టి చాల్లేదు గదా సార్ ఆ పొద్దు” అన్నాడు. తర్వాత ఇద్దరం చాలాసేపు ఫోన్ పట్టుకునే ఉన్నాం.

ఆ ఇళ్లవాళ్లను నేను తప్పుపట్టను. జీవితమంతా కూడబెట్టి కట్టుకున్నవాళ్లు వాళ్లు. ఆ నేల వద్దని ప్లాన్ గీసే రోజున చెప్పాల్సిన చదువుకున్నవాళ్లం మనం. ఎవరూ అడగలేదు కాబట్టి మనమూ చెప్పలేదు.

నేను రిటైరయ్యాను. పుత్తూరు అమ్మాయి ఇప్పుడు హైదరాబాదులో ఒక డిజైన్ ఆఫీసులో పనిచేస్తోంది. 2025 జూన్ 6న చీనాబ్ రైలు వంతెన ప్రారంభమైన రోజు ఆమె నాతో వాదనకు దిగింది. నదిమీద 359 మీటర్ల ఎత్తు, 467 మీటర్ల కమాను ఉన్న వంతెన అది. అక్కడి రాతికొండ వాలుల మీద పదిహేడేళ్లు పనిచేసిన ప్రొఫెసర్ జి.మాధవీలత మన ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడులో పుట్టిన మనిషి. కాకినాడలో, వరంగల్లులో, మద్రాసు ఐఐటీలో చదివి బెంగళూరు ఐఐఎస్‌సీలో పాఠాలు చెబుతున్నారు. ఆ వంతెన గురించి ఆమె రాసిన పరిశోధన పత్రం పేరే ‘డిజైన్ యాజ్ యు గో.’ కట్టుకుంటూ పోతూ డిజైన్ చేయడం.

“అన్నీ ముందే తేల్చుకోవాలని గదా సార్ మాకు చెప్పినారు. ఆమె కొండ తవ్వేకొద్దీ మార్చుకుంటా పోయినారంట. మరి మీ గోడ?”

మంచి ప్రశ్న. ఫోన్‌లోనే రెండు గంటలు మాట్లాడుకున్నాం. లోపల పగుళ్లు ఎట్లా ఉన్నాయో కొండ ముందుగా చెప్పదు. తవ్వాక కనబడిన రాయి అనుకున్నట్టు లేకపోతే లెక్క మళ్లీ వేయాల్సిందే. రాయిలో పగులుంటే జరగాల అని మా శిల్పి చెప్పింది కూడా అదే. ఏ లెక్క మారవచ్చో ముందే తెలిసివుండటం, మారిన ప్రతిసారీ లెక్క కట్టి పనివాళ్లకు చెప్పే మనిషి దగ్గరే ఉండటం అక్కడి సంగతి. పదిహేడేళ్లు! నేను ఒక్క రాత్రి పట్టుకోలేకపోయిన తాడు అది.

ఆ అమ్మాయి ఆఫీసులో ఇప్పుడు కంప్యూటర్‌లోనే దూలం, పైపు, కరెంటు తీగ అన్నీ ఒకేచోట పేర్చి, ఒకదాన్నొకటి ఎక్కడ ఢీకొంటున్నాయో ముందే చూస్తారు. బిమ్ అంటారు దాన్ని. మా కల్యాణ మంటపం పైపు అందులో మొదటి రోజే ఎర్రగా కనబడేది. కానీ ఆ ఎర్రచుక్కను చూసి ఫోన్ తీసి మేస్త్రీకి చెప్పేది మనిషే. కొత్తగా చేరిన పిల్లలకు ఆమె మొదటి రోజు కంప్యూటర్ ముట్టనివ్వదట. సైటుకు పంపి, అక్కడి మేస్త్రీలు అడిగే ప్రశ్నలు పది రాసుకుని రమ్మంటుందట.

సివిల్, ఆర్కిటెక్చర్ పాఠాలు చెబుతున్న మాస్టర్లకు నా విన్నపం ఇదే. ఈ ఏడాది మీ పిల్లల చేత ఒక గుంత తీయించండి, పూడ్పించండి. గోడమీద నాలుగు గళ్లు గీయించండి. జవాబులకు ఇచ్చినట్టే వాళ్లు రాసిన ప్రశ్నలకూ మార్కులు వేయండి. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు ఇంకో మాట. కాంక్రీటు ముందురోజు సాయంత్రం మీ మేస్త్రీ వచ్చి “పైపు యాడ పోవాల?” అని అడిగితే, రేపు చెబుతాననకండి. జవాబు దొరికేదాకా మిక్సర్‌ను రానివ్వకండి.